ఆఫీసు ప్రేమ, అప్రైజల్ సంతకం

ఈ శీర్షికకు ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిలో ఒకే సంగతి. పక్క సీటు మీద మనసు పడటం, ఆ తర్వాత పడే అవస్థ. ఏడాది పనితీరుకు రేటింగ్ ఇచ్చే అప్రైజల్ నెలల్లో ఇవి ఎప్పుడూ ఎక్కువే. దాచుకున్నవన్నీ అప్పుడే బయటపడతాయి. ఒక మందుల కంపెనీలో, ఉద్యోగుల వ్యవహారాలు చూసే విభాగాన్ని పర్సొనెల్ డిపార్ట్‌మెంట్ అనే రోజుల్లో అందులో చేరి, అది హెచ్ఆర్ అయ్యాక రిటైరైనదాన్ని. ఇలాంటి ఫైళ్లు చాలానే చూశాను. కాబట్టి కాస్త సూటిగానే చెబుతాను, ఏమీ అనుకోకండి. ఉత్తరాల్లో మిమ్మల్ని గుర్తుపట్టేలా ఉన్న వివరాలు తీసేశాను.

మేడమ్‌కి నమస్కారం. నా వయసు 27. నానక్‌రామ్‌గూడలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ టీమ్‌లో ఉన్నాను. మా టీమ్ లీడ్, నేను ఏడాదిన్నరగా ప్రేమించుకుంటున్నాం. ఇద్దరం హిందువులమే కానీ కులాలు వేరు. వాళ్లింట్లో ఒప్పుకునేదాకా ఆఫీసులో ఎవరికీ తెలియకూడదంటాడు. ఈసారి నాకు మంచి రేటింగ్ వచ్చింది. దానికోసం నిజంగానే కష్టపడ్డాను. రిలీజ్ ఉన్నప్పుడు శని, ఆదివారాలు కూడా ఆఫీసులోనే ఉన్నాను. కానీ ఇప్పుడు క్యాంటీన్‌లో నేను వెళ్లి కూర్చుంటే మాటలు ఆగిపోతున్నాయి. ‘నువ్వు వేరే కంపెనీ చూసుకో, గొడవ వదిలిపోతుంది’ అంటున్నాడు. పోనీ రిజిస్టర్ మ్యారేజ్ చేసుకుందామంటే, నెల ముందు నోటీసు అంటిస్తారట, ఊళ్లో తెలిసిపోతుందట. చాలా టెన్షన్‌గా ఉంది. మీ కూతురనుకుని చెప్పండి. – ఒక పాఠకురాలు, హైదరాబాద్

కూతురన్నావు కాబట్టి ‘నువ్వు’ అనే రాస్తున్నాను. ఆఫీసులో ఎవరికీ తెలియదని మీరిద్దరూ అనుకోవడం, పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగడమే. మా రోజుల్లో రిజిస్టర్‌లో సంతకాలు చూస్తే తెలిసిపోయేది. ఆ తర్వాత స్వైప్ కార్డులొచ్చాయి. రోజూ ఒకరు 9.12కి లోపలికొస్తే, ఇంకొకరు 9.14కి. ఒకే తేదీల్లో ఇద్దరికీ లీవు కావాలి, ఇద్దరికీ ‘ఊళ్లో పని’. కలిసి వచ్చారని తెలియకుండా ఒకరు మెట్రో స్టేషన్ దగ్గరే దిగి నడిచి రావడం కూడా చూశాను. మేం ఎవరం అడిగేవాళ్లం కాదు. తెలిసేది, అంతే. మీ క్యాంటీన్‌లో వాళ్లకీ ఎప్పుడో తెలిసి ఉంటుంది. ఇప్పుడు మాటలు ఆగిపోతున్నాయంటే, రేటింగులు వచ్చాయి కాబట్టి.

నువ్వు ప్రేమించావని వాళ్లకి కోపం లేదు. వాళ్ల ఇంక్రిమెంటు నిర్ణయించే గదిలో, నిన్ను ప్రేమించినవాడు కూర్చున్నాడని కోపం. వాళ్ల వైపు నుంచి ఒక్కసారి ఆలోచించు. మీ కంపెనీలో కూడా, ఇంతమందికే పై రేటింగ్ అని లెక్క కట్టి, మేనేజర్లంతా కూర్చుని పేర్లు పైకీ కిందకీ జరుపుతారు కదా. నీ పేరు ఒక మెట్టు పైకి వెళ్లిందంటే, ఇంకెవరి పేరో ఒక మెట్టు దిగినట్టే. దిగినవాడు ఊరుకుంటాడా? నువ్వు శని, ఆదివారాలు కూర్చుని పట్టుకున్న బగ్గులన్నీ ఎవరికీ గుర్తుండవు. నీ కష్టం అతని ఖాతాలో పడిపోతుంది. ఈ ఏడాదిన్నరలో నీకు జరిగిన పెద్ద నష్టం ఇదేనని నా ఉద్దేశం.

కాబట్టి చేయాల్సిన మొదటి పని, నీ అప్రైజల్ మీద అతని సంతకం లేకుండా చూసుకోవడం. మీ కంపెనీ కోడ్ ఆఫ్ కాండక్ట్, అంటే ఉద్యోగుల నియమావళి తెరిచి, ‘కాన్‌ఫ్లిక్ట్ ఆఫ్ ఇంటరెస్ట్’ (సొంత సంబంధాలు ఆఫీసు నిర్ణయాలకు అడ్డొచ్చే పరిస్థితి) అన్న భాగం చదువు. చేరిన రోజున చదవకుండానే ‘ఐ అగ్రీ’ నొక్కేసి ఉంటారు, అందరం అంతే. సాధారణంగా కంపెనీలు ప్రేమించుకోవద్దని రాయవు. ఒకరి కింద ఒకరు పనిచేస్తుంటే మాకు చెప్పండి అని రాస్తాయి. చెప్పకపోవడమే తప్పు అవుతుంది. 2025 సెప్టెంబరులో నెస్లే కంపెనీ తన సీఈఓని తీసేసింది. తన కింద నేరుగా పనిచేసే ఉద్యోగినితో ఉన్న సంబంధాన్ని బయటపెట్టలేదన్నది కారణం. 2019లో మెక్‌డొనాల్డ్స్ సీఈఓకీ ఒక ఉద్యోగినితో సంబంధం వల్లే పదవి పోయింది. ఆమె ఇష్టంతోనే జరిగిందన్నా కంపెనీ నిబంధన నిబంధనే అంది. అంతంత పెద్దవాళ్లకే మినహాయింపు లేనప్పుడు, నానక్‌రామ్‌గూడలో టీమ్ లీడ్‌కి ఉంటుందా?

ఎవరు చెప్పాలి? అతనే చెప్పాలి. పై మెట్టు మీద ఉన్నవాడి బాధ్యత అది. పెద్ద ప్రేమకథ రాయక్కర్లేదు. హెచ్ఆర్‌కి నాలుగు వాక్యాల మెయిల్ చాలు: ‘నేను, నా టీమ్‌లో పనిచేస్తున్న ఫలానా ఉద్యోగిని ఇష్టపడి పెళ్లి చేసుకోవాలనుకుంటున్నాం. ఆమె అప్రైజల్, లీవు, షిఫ్టు నిర్ణయాలు ఇకపై నా చేతిలో ఉండకుండా మార్చగలరు. ఈ విషయం గోప్యంగా ఉంచగలరు. ఆమెకు కూడా ఈ మెయిల్ కాపీ పెడుతున్నాను.’ ఆ చివరి వాక్యం తప్పకుండా ఉండాలి. ఆ మెయిల్‌కి నువ్వు ‘ఇందులో ఉన్నది నిజమే, నా ఇష్టంతోనే’ అని ఒక లైను జవాబు పెట్టు. రేపు ఎవరైనా నిన్ను బలవంతపెట్టారేమోనని అడిగినా, అతను నీకు మేలు చేశాడని అన్నా, ఈ రెండు మెయిళ్లూ మాట్లాడతాయి. అతనికీ ఇది రక్షణే. 2013 నాటి పని ప్రదేశంలో లైంగిక వేధింపుల చట్టంలో, ఉద్యోగంలో మేలు చేస్తానని ఆశపెట్టడం, కీడు చేస్తానని బెదిరించడం అన్న మాటలు స్పష్టంగా ఉన్నాయి. రేటింగ్ ఇచ్చే చెయ్యి అతనిదే అయినంతకాలం, మీ మధ్య ఏదైనా తేడా వస్తే, ఆ మాటలు అతని మెడకు చుట్టుకోవచ్చు. ఈ సంగతి అతనికి మెల్లగా చెప్పు. నాకు తెలిసి మగపిల్లలు ఈ ముక్క వినగానే మెయిల్ రాసేస్తారు.

మెయిల్ వెళ్లాక ఏమవుతుంది? సాధారణంగా జూనియర్‌నే ఇంకో టీమ్‌కి మారుస్తారు. లీడ్‌ని కదపడం కన్నా అది వాళ్లకి సులువు. ఇక్కడే జాగ్రత్తపడాలి. ‘మారతాను, కానీ ఇదే గ్రేడులో, ఇలాంటి పనిలోనే, బెంచ్ మీద మాత్రం కాదు’ అని రాతపూర్వకంగా అడుగు (బెంచ్ అంటే ప్రాజెక్టు ఇవ్వకుండా ఖాళీగా ఉంచడం). హెచ్ఆర్ వాళ్లు ఊరికే వేధించరుగానీ, అడగనివాళ్లని బెంచ్ మీద కూర్చోబెట్టి మర్చిపోవడం మాత్రం బాగా తెలుసు వాళ్లకి. మా డిపార్ట్‌మెంటు గురించి నేనే అంటున్నాను, నమ్ము.

ఇక ‘వేరే కంపెనీ చూసుకో’ అన్నమాట. నీకు మంచి అవకాశం వస్తే వెళ్లు, ఎవరూ వద్దనరు. కానీ అతని ఇబ్బంది తీరడానికి నువ్వు రాజీనామా చేసి, తొంభై రోజుల నోటీసు పీరియడ్ చేసి, కొత్త చోట మళ్లీ మొదటి మెట్టు నుంచి నీ పనితనం నిరూపించుకోవడం దేనికి? తను మారతానని ఒక్కసారైనా అన్నాడా? అడిగి చూడు. అతను చెప్పే సమాధానం కన్నా, చెప్పడానికి ఎంతసేపు తీసుకున్నాడన్నది గమనించు.

పెళ్లి నోటీసు సంగతి. నువ్వు విన్నది 1954 ప్రత్యేక వివాహ చట్టం గురించి. మతాలు వేరైన జంటలు ఎక్కువగా ఆ దారిన వెళతారు. అందులో ముప్పై రోజుల నోటీసు నిజమే. ఇద్దరిలో ఒకరైనా ఆ జిల్లాలో ముప్పై రోజులుగా ఉంటూ ఉండాలి. సొంతూరు వేరే జిల్లా అయితే అక్కడి కార్యాలయానికీ నోటీసు కాపీ వెళుతుంది, అక్కడా అంటిస్తారు. కాబట్టి మీ భయం ఊరికే పుట్టింది కాదు. కానీ మీరిద్దరూ హిందువులు. 1955 హిందూ వివాహ చట్టం ప్రకారం కులాలు వేరైనా పెళ్లికి అడ్డు లేదు, ముందస్తు నోటీసూ లేదు. పద్ధతిగా పెళ్లి చేసుకుని రిజిస్టర్ చేయించుకోవచ్చు. అంటే నోటీసుని సాకుగా చూపించి వాయిదా వేయడానికి మీకు వీల్లేదన్నమాట. అలాగని రేపే గుడికి వెళ్లమని నేననడం లేదు. వాళ్ల అమ్మానాన్నలతో ఎప్పుడు మాట్లాడతాడో ఒక నెల పేరు చెప్పమను. హెచ్ఆర్‌కి చెప్పడం వేరు, ఇంట్లో చెప్పడం వేరు. హెచ్ఆర్ వాళ్లు మీ ఊరికి ఫోన్ చెయ్యరు. ఇంట్లోవాళ్లని సాకుగా చూపించి హెచ్ఆర్‌కి చెప్పడం వాయిదా వెయ్యనివ్వకు.

ఇంకొక్క చిన్న మాట. ఆఫీసు లాప్‌టాప్‌లో, ఆఫీసు చాట్‌లో ఒక్క ముద్దు మాట కూడా వద్దు. అవన్నీ కంపెనీ సొత్తు.

మేడమ్, నాకు 29 ఏళ్లు. పరవాడ ఫార్మా సిటీలో ఒక కంపెనీ క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో కెమిస్టుని. మా ల్యాబ్‌లోనే ఒక అమ్మాయి ఉంది. కంపెనీ బస్సులో కూడా ఒకే రూటు. రెండు నెలల క్రితం ధైర్యం చేసి నా మనసులో మాట చెప్పాను. ‘నాకు అలాంటి ఉద్దేశం లేదండీ’ అంది. కానీ ఆ తర్వాత కూడా నాతో మామూలుగానే మాట్లాడుతోంది, నవ్వుతోంది. ఫ్రెండ్స్ అందరూ ‘ఇంకోసారి అడుగు, అమ్మాయిలు మొదటిసారి ఒప్పుకోరు’ అంటున్నారు. అడగమంటారా? – ఒక పాఠకుడు, గాజువాక

వద్దు బాబూ.

మొదట, నువ్వు అడిగిన పద్ధతిలో తప్పేం లేదు. మర్యాదగా, ఒకసారి, సూటిగా అడిగావు. ఆ అమ్మాయి కూడా అంతే మర్యాదగా, అంతే సూటిగా చెప్పింది. ఆ మాటలో ‘ఆలోచిస్తాను’ ఉందా? ‘ఇంట్లో అడగాలి’ ఉందా? లేదు. ఇక అందులో వెతకడానికేం లేదు.

మామూలుగా మాట్లాడుతోందంటావా? మరేం చెయ్యమంటావ్? బి షిఫ్టులో నువ్వు వదిలి వెళ్లిన హెచ్‌పీఎల్‌సీ (మందుల శాంపిళ్లు పరీక్షించే యంత్రం) రన్ తను వచ్చి చూసుకోవాలి. శాంపిల్ ఎక్కడ పెట్టావో, ఏ కాలమ్ వాడావో, లాగ్‌బుక్‌లో ఏం రాశావో నిన్నే అడగాలి. ముఖం తిప్పుకుని కూర్చుంటే బ్యాచ్ రిలీజ్ ఆగిపోతుంది, ఇద్దరికీ చీవాట్లు పడతాయి. ఆ నవ్వు ఉద్యోగం కోసం. అసలు నిన్ను ఇబ్బంది పెట్టకూడదనే నవ్వుతోందేమో కూడా. ఆ మంచితనాన్ని నువ్వు ఇంకోలా లెక్కేసుకుంటే, రేపటి నుంచి నవ్వడం మానేస్తుంది.

నీ ఫ్రెండ్స్‌కి సినిమాలు ఎక్కువయ్యాయి. మన హీరోలు బస్టాప్ నుంచి కాలేజీ దాకా, కాలేజీ నుంచి ఇంటిదాకా వెంటపడితే మూడో పాటకి హీరోయిన్ ఒప్పుకుంటుంది. పరవాడలో అలా చేస్తే వెంటపడటం అనే నేరం కిందకొస్తుంది, భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్. ఆఫీసు లోపల అయితే ఇంతకుముందు చెప్పిన 2013 చట్టం. పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతిచోటా ఇలాంటి వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలి. మీ కంపెనీలోనూ నోటీసు బోర్డు మీద సభ్యుల పేర్లు ఉండే ఉంటాయి, నువ్వు చూసి ఉండవు. ఆ చట్టంలో అడుగడుగునా వచ్చేది ఒకే మాట, ‘ఇష్టం లేని’ ప్రవర్తన. ఇష్టం లేదని నీకు ముందే తెలిసిపోయింది. కాబట్టి రెండోసారి అడిగితే ‘తెలియక అడిగాను’ అనడానికి కూడా నీకు వీలుండదు.

నేను అలాంటి కమిటీలో కూర్చున్నప్పుడు, ఒక అమ్మాయి తన ఫోన్‌లోంచి ప్రింట్ తీసిన కాగితాలు తెచ్చింది. రోజూ పొద్దున్నే ఒక పువ్వు బొమ్మ, గుడ్ మార్నింగ్. పండగలకి శుభాకాంక్షలు. ‘తిన్నావా’ అని మధ్యాహ్నం. బూతు మాట ఒక్కటీ లేదు. కాగితం ఎడమవైపు అంతా అతని మెసేజ్‌లే, కుడివైపు ఖాళీ. పేజీ తర్వాత పేజీ అలాగే. అబ్బాయి మాత్రం ‘నేనేం తప్పుగా రాయలేదు మేడమ్’ అంటూనే ఉన్నాడు. నిజమే, రాయలేదు. ఆ కుడివైపు ఖాళీని చూడలేదు, అంతే.

నువ్విప్పుడు చెయ్యాల్సింది చాలా తక్కువ. తన గురించి ఫ్రెండ్స్ దగ్గర మాట్లాడటం ఆపేయ్, ఎందుకంటే ఆ మాటలు బస్సులో మళ్లీ తన చెవినే పడతాయి. తన స్నేహితురాలి చేత కబుర్లు పంపించకు. పని గురించి మాత్రం మామూలుగా మాట్లాడు. కుదిరితే కొన్నాళ్లు జనరల్ షిఫ్ట్‌కి మార్చుకో, తన కోసం కాదు, నీ కోసం. రోజూ కళ్లెదుటే ఉంటే మనసు మళ్లడం కష్టం, ఆ బాధ నాకు అర్థమవుతుంది. ఏడ్చినా తప్పులేదు. గాజువాకలో నీ గదిలో ఏడువు, ల్యాబ్‌లో వద్దు.

మేడమ్ గారూ, నేను గుంటూరులో ఒక ప్రైవేటు బ్యాంకు బ్రాంచిలో పనిచేస్తున్నాను. నాకు 34. మా మేనేజర్‌కి పెళ్లయింది, కానీ భార్యతో పడటం లేదట. విడాకులు వచ్చేస్తాయి, మనం పెళ్లి చేసుకుందాం అంటున్నారు. రెండేళ్లయింది. నా టార్గెట్లు పూర్తి కావడానికి బ్రాంచికి నేరుగా వచ్చే కస్టమర్ల అకౌంట్లు నా పేరు మీద వేయిస్తారు. ఆయన మంచివారే. ఇంకా ఎంతకాలం ఆగాలి? – పేరు వద్దు

ఆయన మంచివారో కాదో నాకు తెలియదు. కేసు వేశారా? అదొక్కటి అడగండి. వేసి ఉంటే కోర్టులో దానికో నంబరు ఉంటుంది. ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో ఆ నంబరు కొడితే వాయిదా తేదీతో సహా కనబడుతుంది. మీరు లోన్ ఇచ్చే ముందు కస్టమర్ చెప్పింది నమ్మేస్తారా? కాగితాలు అడగరూ? ఇక్కడా అంతే.

భార్యాభర్తలిద్దరూ ఒప్పుకుని తీసుకునే విడాకులకైతే, ఏడాదిగా విడిగా ఉంటే చాలు కేసు వెయ్యొచ్చు. ఆ తర్వాత ఆరు నెలల గడువు, అది కూడా అవసరమైతే కోర్టు తగ్గించవచ్చు. నిజంగా పడకపోతే రెండేళ్లలో ఏదో ఒక కాగితం పుట్టి ఉండాలి. విడాకులు రాకుండా గుళ్లో తాళి కడతానంటే మాత్రం అస్సలు ఒప్పుకోకండి. హిందూ వివాహ చట్టం కింద అది పెళ్లే కాదు. పైగా నేరం. చట్టం ముందు మీకు భార్య హోదా రాదు.

నేరుగా వచ్చే కస్టమర్ల మాట మీరు మామూలుగా రాసేశారు కానీ, నాకు గుచ్చుకున్నది అదే. ఆ అకౌంట్లు కౌంటర్లో కూర్చున్న మిగతావాళ్లవి కూడా. వాళ్లు గమనించరనుకుంటున్నారా? రేపు మీరు ‘ఇక చాలు’ అన్నారనుకోండి, అదే చేత్తో మీ టార్గెట్లు పెంచడం ఆయనకి ఎంతసేపు? అలా ఏదైనా మొదలైతే తేదీలు, మెయిళ్లు దాచుకోండి. అంతర్గత కమిటీకి ఫిర్యాదు చేయడానికి మూడు నెలల గడువుంటుంది. సరైన కారణం చూపిస్తే ఇంకో మూడు నెలలు పెంచుతారు. ఈలోగా ఇంకో బ్రాంచికి బదిలీ మీరే అడగండి. అడిగినట్టు ఆయనకి చెప్పి చూడండి, సంతోషిస్తారో, కోప్పడతారో మీకే తెలుస్తుంది.

అక్కయ్యగారికి, మా అమ్మాయి బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది. తోటి ఉద్యోగిని పెళ్లి చేసుకుంటానంటోంది. అబ్బాయిది హన్మకొండ. మా ఇద్దరికీ పెద్ద అభ్యంతరం లేదు గానీ, మావారు ‘ఒకసారి వాళ్ల ఆఫీసుకు వెళ్లి నలుగురిని అడిగి వస్తా’ అని పట్టుబడుతున్నారు. వెళ్లొచ్చా? – ఒక తల్లి, తణుకు

అయ్యో, వెళ్లనివ్వకండి చెల్లెమ్మా! గేటు దగ్గర విజిటర్ పాస్ రాయమంటారు. ‘ఎవరిని కలవాలి’ అన్న గడిలో ఆయన ఏం రాస్తారు? మీ అమ్మాయి పేరే రాయాలి. అప్పుడు ఆ పిల్లే కిందకి రావాలి. ఒకవేళ ఎలాగో లోపలికి వెళ్లినా, ఉద్యోగి గురించి హెచ్ఆర్ వాళ్లు బయటివాళ్లకి ఏమీ చెప్పరు, చెప్పకూడదు. జరిగేదల్లా సాయంత్రానికి ఆఫీసంతా కథ పాకడమే.

మీవారి ఆరాటం నాకు అర్థమైంది. అయితే ఈ సంబంధంలో ఎంక్వైరీ సగం అయిపోయింది, చేసింది మీ అమ్మాయి. పెళ్లిళ్ల పేరయ్య తెచ్చే సంబంధంలో అబ్బాయి జీతం, పొలం, పొడుగు తెలుస్తాయి. అర్ధరాత్రి సర్వర్ పడిపోయి పైవాళ్లు తిడుతున్నప్పుడు ఆ కోపం ఎవరి మీద చూపిస్తాడో తెలుస్తుందా? టీ తెచ్చే అబ్బాయితో ఎలా మాట్లాడతాడో, చేసిన తప్పు తనదని ఒప్పుకుంటాడో, పక్కవాడి మీద తోసేస్తాడో? మీ అమ్మాయిని కూర్చోబెట్టి ఇవి అడగండి. కులం, కట్నం కబుర్ల కన్నా ముందు. ఒకరి కింద ఒకరు పనిచేస్తున్నారా అని కూడా అడగండి. అవునంటే పైన మొదటి ఉత్తరానికి రాసిన జవాబు చదివించండి.

ఇంటి వివరాలు కావాలంటే హన్మకొండ వెళ్లండి, ఆఫీసుకు కాదు. వెళ్లే ముందు వాళ్లకి ఫోన్ చేసి చెప్పే వెళ్లండి. అబ్బాయిని ఒక ఆదివారం తణుకు రమ్మని భోజనం పెట్టండి. మీవారికి అతని జీతం స్లిప్పు చూడాలని ఉంటే చూడమనండి. మీ అమ్మాయి జీతం స్లిప్పు కూడా పక్కనే పెట్టాలి. ఇద్దరికీ హోమ్ లోన్, కార్ లోన్ ఈఎంఐలు ఏమున్నాయో అదే పూట తేల్చుకోవచ్చు.